విమాన ప్రయాణంలో వీణ, గిటార్ల సంరక్షణ

వీణ, గిటార్ వంటి తీగవాద్యాలు విమాన ప్రయాణంలో దెబ్బతినడానికి ముఖ్య కారణాలు మూడు: పెట్టె కింద పడినప్పుడు తగిలే అదురు, పెట్టె లోపల వాద్యం కదలడం, వేడి, చలి, తేమలలో ఒక్కసారిగా వచ్చే మార్పు. ఆకాశంలో గడిచే గంటల కంటే నేల మీద సామాను చేతులు మారే నిమిషాలే వాద్యానికి ఎక్కువ ప్రమాదం. కాబట్టి సంరక్షణలో ముప్పాతిక వంతు ఇంటి దగ్గరే పూర్తి కావాలి. విమానాశ్రయం చేరాక చేయగలిగింది తక్కువ.

హైదరాబాద్‌లో ఈ అవసరం ఎక్కువగా కనిపించేది చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్లో. చిక్కడపల్లిలో శ్రీ త్యాగరాయ గానసభ ఉంది. నారాయణగూడకు కూతవేటు దూరంలో, రాంకోటిలో 1952 నాటి ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. గానసభలో కచేరీ చేయడానికి ఇతర నగరాల నుంచి వచ్చే విద్వాంసులు, ఇక్కడ నేర్చుకుని డిసెంబరు కచేరీలకు చెన్నై వెళ్లేవారు, 1978 నుంచి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఏటా జరుగుతున్న త్యాగరాజ ఆరాధనోత్సవాలకు ప్రయాణమయ్యేవారు, పైచదువులకు పోతూ వాద్యాన్ని వెంట తీసుకుపోయే విద్యార్థులు, అందరిదీ ఒకటే చింత. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాక, ఈ పేటల నుంచి విమానం దాకా రోడ్డు ప్రయాణమే సుమారు 30 కిలోమీటర్లయింది. మే నెల మధ్యాహ్నం ఎండలో ఆగి ఉన్న కారు డిక్కీ, విమానంలోని సామాను అర కంటే వాద్యానికి ఎక్కువ హాని చేయగలదు.

వీణలో బలహీనమైన చోట్లు

గిటార్ ప్రయాణం గురించి ప్రపంచమంతటా విస్తారంగా రాశారు. వీణ గురించి రాసినది తక్కువ. గిటార్‌కు చెప్పిన జాగ్రత్తలన్నీ వీణకు సరిపోవు కూడా. సరస్వతీ వీణ సాధారణంగా పనస కర్రతో చేస్తారు. పొడవు నాలుగడుగులకు అటూ ఇటూ ఉంటుంది. ఒక చివర గుండ్రటి కుండ, మధ్యలో దండి, రెండో చివర కిందికి వంగిన యాళి ముఖం ఉంటాయి. దండి కింద, యాళి వైపున సొరకాయ బుర్ర బిగిస్తారు. ఇప్పుడు అసలు సొరకాయకు బదులు ఫైబర్‌తోనో కాగితపు గుజ్జుతోనో చేసిన బుర్రలు కూడా వాడుతున్నారు. మొత్తం ఏడు తీగలు: నాలుగు వాయించేవి, మూడు తాళానికి. మెట్లు ఇరవై నాలుగు.

కుండ, దండి, యాళి ఒకే దుంగలో తొలిచినది ఏకాండ వీణ. భౌగోళిక గుర్తింపు పొందిన బొబ్బిలి వీణకు ఈ పనితనమే పేరు తెచ్చింది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరాలుగా వీటిని చేస్తున్నారు. నూజివీడు కూడా వీణలకు పేరున్న ఊరే. భాగాలు విడిగా చేసి కలిపితే అది అతుకు వీణ. అతుకు వీణ కింద పడితే మొదట విడిపోయేది కుండ, దండి కలిసే చోటు, ఆ తర్వాత దండి, యాళి కలిసే చోటు. ఏకాండ వీణకు అతుకుల భయం లేదు. కానీ కర్ర పొర వెంట నిలువుగా బీట వేస్తే దాన్ని సరిచేయడం అతుకును మళ్లీ అంటించడం కన్నా కష్టం.

అన్నిటికన్నా సున్నితమైనది మేళం. గిటార్ మెట్లను కర్రలో గాడి కోసి దిగగొడతారు. వీణ మెట్లను దండి మీద రెండు వైపులా గట్టులా పోసిన మైనంలో నిలబెడతారు. తేనెమైనంలో మసి, గుగ్గిలం వంటివి కలిపి నలుపు రంగు వచ్చేలా మరిగిస్తారు. పోసిన మైనం మెత్తగా ఉండగానే ఒక్కో మెట్టునూ స్వరం చూసుకుంటూ అమర్చుతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. మెట్టు వెంట్రుకవాసి జరిగినా ఆ స్వరం తప్పుతుంది. తేనెమైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర. కానీ అంతకు చాలా ముందే, 40 డిగ్రీల లోపే మెత్తబడడం మొదలవుతుంది. ఎండలో నిలిపిన కారులో ఆ వేడి అరగంటలో చేరుతుంది. విమానం పక్కన తారు నేల మీద నిలిచిన సామాను బండి కూడా అంతే. మెత్తబడిన మైనంలో మెట్లు ఒరుగుతాయి, దిగబడతాయి. చలిలో జరిగేది దీనికి విరుద్ధం. మైనం పెళుసెక్కుతుంది, ఒక్క అదురుకు మెట్టు చుట్టూ పగుళ్లు వచ్చి మెట్టే ఊడి రావచ్చు. హైదరాబాద్ నుంచి వేసవిలో బయలుదేరి చలిదేశంలో దిగే వీణకు ఈ రెండు ప్రమాదాలూ ఒకే ప్రయాణంలో ఎదురవుతాయి.

గుర్రం మరో చోటు. కుండ పలక మీద ఉండే ప్రధాన గుర్రాన్ని తీగల ఒత్తిడే నిలబెడుతుంది. దాని మీది కంచు రేకు కూడా మైనంతోనో లక్కతోనో అంటించినదే. రేకు కొద్దిగా వాలినా నాదం మారిపోతుంది. తీగలు పూర్తిగా వదులు చేస్తే గుర్రం జరిగిపోతుంది, బిగువుగానే వదిలేస్తే అదురుకు పలక మీద భారం పడుతుంది. అనుభవమున్న వైణికులు మధ్యమార్గం పాటిస్తారు. గుర్రం కాళ్ల చుట్టూ పలక మీద పెన్సిలుతో సన్నని గీత గీసి, తీగలను రెండు మూడు స్వరాలు దించి, గుర్రం పక్కన మెత్తని గుడ్డ పెడతారు. గుర్రాన్ని తీసేయవలసి వస్తే దాన్ని గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకోవడం మేలు. తీగల చివర్లు కట్టే నాగపాశం దగ్గర శ్రుతిని సన్నగా సరిదిద్దే లంగర్లు వదులైన తీగల మీద జారి పలకను గీరకుండా వాటిని కూడా మెత్తని గుడ్డతో కట్టాలి.

గిటార్ ఎక్కడ విరుగుతుంది

గిటార్ విరిగే చోటు దాదాపుగా ఒక్కటే: మెడ, తల కలిసే చోటు. ఆరు ఉక్కు తీగలను శ్రుతి చేసినప్పుడు మెడ మీద పడే లాగుడు మొత్తం 70 కిలోలకు పైగా ఉంటుంది. పెట్టె వెల్లకిలా పడినప్పుడు ఒళ్లు పెట్టెతోపాటు ఆగిపోతుంది. బరువైన బిరడలున్న తల మాత్రం అదే ఊపులో వెనక్కి పోతుంది. తీగల లాగుడు, ఈ ఊపు కలిసి మెడ సన్నగా ఉన్న చోట కర్రను చీలుస్తాయి. పెట్టె మీద గీత కూడా పడకుండా లోపల తల విరిగి ఉండడం ఇందువల్లే జరుగుతుంది. కాబట్టి పెట్టె ఎంత గట్టిదైనా చాలదు. తల కింద, తల పైన, మెడ కింద, మెడ ఒంటితో కలిసే మడమ దగ్గర ఖాళీ లేకుండా నింపాలి. ఇందుకు ఖరీదైనవేమీ అక్కరలేదు, చుట్టచుట్టిన టీషర్టులు, తువ్వాళ్లు చాలు. నింపాక మూత మూసి పెట్టెను నెమ్మదిగా ఊపి చూడాలి. లోపల చప్పుడు వినిపించినా, కదలిక తెలిసినా ఇంకా నింపాలి.

తీగలు వదులు చేయాలా వద్దా అన్న వాదం గిటారిస్టుల్లో ఎప్పటినుంచో ఉంది. విమానంలో గాలి ఒత్తిడి తగ్గి తీగలు తెగుతాయన్న నమ్మకానికి ఆధారం లేదు. ప్రయాణికుల విమానాల్లో సామాను అరలోనూ కేబిన్‌లో ఉన్నంత గాలి ఒత్తిడే ఉంటుంది. వదులు చేయవలసిన అసలు కారణం పైన చెప్పిన అదురు. ఒకటి రెండు స్వరాలు దించితే తల మీది లాగుడు బాగా తగ్గుతుంది. పూర్తిగా వదిలేస్తే, మెడ లోపలి ఇనుప కడ్డీకి ఎదురు లాగేది లేక మెడ వెనక్కి వంగవచ్చు. అందువల్ల సగం వదులు చేయడమే సరైన పద్ధతి.

పెట్టె

మెత్తని సంచి కచేరీకి వీధిలో మోసుకుపోవడానికి పనికొస్తుంది గానీ, విమానం సామాను అరలోకి పంపడానికి కాదు. అచ్చుపోసిన ప్లాస్టిక్ లేదా ఫైబర్ గట్టి పెట్టె కనీస అవసరం. వీణకు తగిన కొలతల్లో రెడీమేడ్ పెట్టెలు తక్కువ కాబట్టి చాలామంది తమ వీణ కొలతకు ఫైబర్ పెట్టె ప్రత్యేకంగా చేయించుకుంటారు. అలా చేయించేటప్పుడు మూడు విషయాలు చూడాలి. వీణ బరువు కుండ అడుగు మీదా దండి మీదా సమంగా పడాలి, యాళి గాలిలో వేలాడకూడదు. మెట్ల మీదికి మూత ఆనకూడదు, మేళానికీ మూతలోని ఫోముకీ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. బుర్ర విప్పి పెట్టడానికి వేరే గది ఉండాలి. బుర్రను వీణకే ఉంచి పంపడం పెద్ద పొరపాటు. దాని అంచు తగిలి దండికి మర పడిన చోటే చీలుతుంది.

లేత రంగు పెట్టె ఎండలో నల్ల పెట్టె కంటే తక్కువ వేడెక్కుతుంది. మేళం ఉన్న వాద్యానికి ఇది చిన్న విషయం కాదు. పెట్టె తాళం విషయంలో అమెరికా ప్రయాణికులు అక్కడి భద్రతా సంస్థ తెరవగలిగే టీఎస్ఏ తాళమే వాడాలి. తనిఖీ సిబ్బంది పెట్టె తెరిచి, ఏ గుడ్డ ఎక్కడుండాలో తెలియక ఎలాగోలా సర్ది మూసేస్తారు. సర్దిన తీరు చూపించే ఫొటో ఒకటి ముద్రించి, రెండు ముక్కల సూచనలతో మూత లోపల అంటిస్తే వారికీ సులువు, వాద్యానికీ క్షేమం.

కేబిన్‌లోనా, సామానులోనా

వాద్యం కేబిన్‌లో ఇమిడితే అంతకన్నా మంచి రక్షణ లేదు. కానీ కొలతలు అడ్డం వస్తాయి. దేశీయ విమానాల్లో చేతి సామాను సాధారణ పరిమితి 7 కిలోలు, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లు. గిటార్ పొడవే మీటరు దాటుతుంది. సామానులో వేసే పెట్టెకు చాలా విమాన సంస్థలు పెట్టే కొలత 158 సెంటీమీటర్లు. గిటార్ గట్టి పెట్టె 110, 43, 15 సెంటీమీటర్లనుకుంటే మొత్తం 168, అంటే పరిమితి కొంచెం దాటుతుంది. వీణ పెట్టె 130, 45, 40 అయితే మొత్తం 215. ఇది ప్రత్యేక రుసుము, ముందస్తు సమాచారం లేకుండా సాగదు. పెట్టెతో కలిపిన బరువు కూడా ముందే తూచుకోవాలి. ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదన్నది దాదాపు అంతటా ఉన్న నియమం గానీ వాద్యానికి ఆ చిక్కు రాదు. దేశీయ టికెట్‌తో వచ్చే 15 కిలోల దగ్గరే చిక్కు వస్తుంది.

అమెరికాలో నియమం ప్రయాణికుడికి అనుకూలం. 2012 నాటి చట్టం ప్రకారం చేసి 2015 మార్చి నుంచి అమలు చేస్తున్న నిబంధనల్లో, పై అరలోనో సీటు కిందో చోటుంటే గిటార్, వయొలిన్ వంటి చిన్న వాద్యాలను అమెరికా విమాన సంస్థలు అనుమతించాలి. ముందు ఎక్కినవారికే ఆ చోటు దక్కుతుంది, తర్వాత వచ్చినవారి సూట్‌కేసు కోసం వాద్యాన్ని తీయించకూడదు. సామానులో వేసే వాద్యం కొలతలు కలిపి 150 అంగుళాలు, బరువు 165 పౌండ్ల దాకా అనుమతిస్తారు. ఈ లెక్కలో వీణ నిశ్చింతగా ఇముడుతుంది. భారతదేశంలో నిర్ణయం విమాన సంస్థదే. టికెట్ కొనేటప్పుడే అడిగి, వారి జవాబును ఈమెయిల్‌లో తీసుకుని దగ్గర పెట్టుకోవడం అవసరం. కౌంటరు దగ్గర నోటిమాట నిలవదు. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, తిరుపతి వంటి చోట్లకు ఏటీఆర్ విమానం వేస్తే పై అరల్లో గిటార్ కూడా పట్టదు. విమానం రకం ముందే చూసుకోవాలి.

వాద్యానికి వేరే సీటు కొనడం మరో మార్గం. విమాన సంస్థలు దీన్ని సీబీబీజీ అనే సంకేతంతో నమోదు చేస్తాయి. సెల్లో వాద్యకారులు చాలాకాలంగా పాటించే పద్ధతి ఇది. వీణకు సీటు సరిపోతుందా లేదా అన్నది ఆ సంస్థ ఇచ్చే కొలత మీద ఆధారపడి ఉంటుంది. గిటార్ విషయంలో గేటు దగ్గర అప్పగించి, దిగగానే విమానం తలుపు దగ్గరే తీసుకునే ఏర్పాటు కూడా అడగవచ్చు. కన్వేయరు బెల్టుల మీద దొర్లే ఘట్టం దాంతో తప్పుతుంది.

ఈ చిక్కులు తప్పించుకునే ఇంకో దారి, ప్రయాణానికి అనువైన వాద్యాన్నే ఎంచుకోవడం. పాలకొల్లుకు చెందిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ తన చిన్న విద్యుత్ మాండలిన్‌తో దేశదేశాలు తిరిగి కచేరీలు చేశారు. లోపల బోలుగా లేని అలాంటి గట్టికర్ర వాద్యం ప్రయాణానికి ఎంతో అనుకూలం. ఇదే ఆలోచనతో బెంగళూరుకు చెందిన రాడెల్ సంస్థ సునాదవినోదిని పేరుతో ఎలక్ట్రానిక్ వీణ తెచ్చింది. దాన్ని విడదీసి మోసుకుపోవచ్చు, మెట్లు మైనంలో ఉండవు. సంప్రదాయ వీణ నాదానికి అది ప్రత్యామ్నాయం కాదన్నది చాలామంది వైణికుల అభిప్రాయం. అయితే సాధనకూ, దూరదేశంలో పాఠాలకూ అది నిజంగా ఉపయోగపడుతుంది.

విప్పిన వాద్యంతోపాటు తీసుకుపోయే పనిముట్లలో కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవరు సామానులోనే వేయాలి. శ్రుతిపెట్టె కోసం తెచ్చుకున్న విడి లిథియం బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు మాత్రం కేబిన్‌లోనే ఉండాలి.

తేమ

కర్ర తేమను పీల్చుతుంది, వదులుతుంది. గిటార్ తయారీదారులు సూచించే తేమ 45 నుంచి 55 శాతం. హైదరాబాద్ వానకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటే రోజులుంటాయి. చలికాలంలో హీటర్లు నడిచే ఉత్తర అమెరికా ఇళ్లల్లో అది 30 శాతం కంటే దిగువకు పోతుంది. ఎగురుతున్న విమానం కేబిన్ అంతకన్నా పొడి. ఆగస్టులో చిక్కడపల్లిలో తేమ పీల్చి ఉబ్బిన పలక, జనవరిలో చికాగోలో ముడుచుకుని బీట వేస్తుంది. తేమను సమంగా ఉంచే చిన్న ప్యాకెట్లు గిటార్ల కోసం దొరుకుతాయి, వీణ పెట్టెలోనూ వాటిని వాడవచ్చు. తడిగుడ్డ మాత్రం పెట్టకూడదు.

దిగిన వెంటనే పెట్టె తెరవడం అలవాటుగా జరిగే పొరపాటు. చలికి గురైన పెట్టెను గదిలో మూసే ఉంచి, కొన్ని గంటలు గది వేడికి రానివ్వాలి. ఆ తర్వాతే మూత తీయాలి. లేకపోతే వార్నిష్ సన్నని గీతలుగా పగులుతుంది, చల్లబడిన మైనం బిగుసుకుని ఉండగానే తీగ లాగితే మెట్టు కదులుతుంది. పొడి గాలిలో వీణ బిరడలు కుదించుకుపోయి జారుతుంటాయి. కాస్త సుద్దపొడి పూస్తే పట్టు దొరుకుతుంది. శ్రుతి ఒక్కసారిగా ఎక్కించకుండా, ఒకటి రెండు పూటల్లో నెమ్మదిగా పైకి తేవాలి.

పత్రాలు

తాతల నాటి వీణను విదేశానికి తీసుకుపోవాలనుకునే కుటుంబాలు ఒక విషయం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన వస్తువును అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. వాద్యం అంత పాతది కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. పాత వీణల అంచుల మీద ఏనుగు దంతం, జింక కొమ్ము అలంకారాలుంటాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్లా వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం వల్లా ఇవి సరిహద్దులో పెద్ద చిక్కు తెస్తాయి. కొత్త వీణల మీది తెల్లటి పట్టీలు ప్లాస్టిక్‌వి. అవి ప్లాస్టిక్ అని తయారీదారు రసీదులో రాయించుకుంటే మాట పెరగదు. గిటార్లలో వాడే రోజ్‌వుడ్ 2017 జనవరి 2 నుంచి సైటీస్ ఆంక్షల్లోకి వచ్చింది. తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరు 26 నుంచి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు. పనస కర్ర ఏ జాబితాలోనూ లేదు. ఆస్ట్రేలియాలో కర్ర, చర్మ వస్తువులను దిగగానే ప్రకటించాలి. ఖరీదైన వాద్యానికి బయలుదేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు సుంకం ప్రశ్న రాదు.

నష్టం జరిగితే

కెనడా గాయకుడు డేవ్ కారల్‌కు చెందిన టేలర్ కంపెనీ గిటార్ 2008లో చికాగో మీదుగా సాగిన ప్రయాణంలో విరిగింది. 24 గంటల్లో ఫిర్యాదు చేయలేదన్న కారణంతో విమాన సంస్థ పరిహారం నిరాకరించింది. 2009 జులైలో ఆయన దాని మీద పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టాక ప్రపంచమంతా ఆ సంగతి విన్నది. అందరికీ పాట కట్టి గెలిచే అవకాశం ఉండదు. అందుకే గడువులు తెలిసి ఉండాలి. భారతదేశం 2009లో చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో సామాను దెబ్బతింటే, అందుకున్న 7 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యంగా అందితే గడువు 21 రోజులు. పరిహారం గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే ప్రమాణం), అంటే సుమారు రెండు వేల డాలర్లు. వాద్యం విలువ అంతకు మించితే చెక్‌ఇన్ సమయంలోనే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టవచ్చు, లేదా విడిగా బీమా చేయించవచ్చు. వస్తువులోనే ఉన్న లోపం వల్ల జరిగిన నష్టానికి సంస్థ బాధ్యత వహించదని ఆ ఒప్పందంలోనే ఉంది. పెళుసు సామానుకు కౌంటరులో సంతకం చేయించుకునే లిమిటెడ్ రిలీజ్ ట్యాగ్ కూడా పరిహారాన్ని తగ్గించేదే. సంతకం పెట్టే ముందు అందులో ఏ గడిలో గుర్తు పెట్టారో చదవాలి.

బయలుదేరే ముందు వాద్యాన్ని నాలుగు వైపులా, మేళాన్ని దగ్గరగా, సర్దిన పెట్టెను తెరిచి ఫొటోలు తీసుకోవాలి. దిగాక విమానాశ్రయం దాటకముందే పెట్టె బయటి భాగాన్ని పరిశీలించి, పగులు కనిపిస్తే అక్కడే మూత తెరిచి చూసి, సామాను విభాగంలో పీఐఆర్ అనే నష్ట నివేదిక రాయించి నకలు తీసుకోవాలి. ఇలాంటప్పుడు చలి నియమం పక్కన పెట్టవలసిందే. విరిగిన ముక్కలు, ఊడిన మెట్లు, రాలిన మైనం సహా ఏదీ పారేయకూడదు, సొంతంగా అంటించకూడదు. గిటార్ తల విరిగితే దాదాపు ఏ పెద్ద నగరంలోనైనా అతికించేవారు దొరుకుతారు. మేళం చెదిరిన వీణ మాత్రం చాలాసార్లు బొబ్బిలికో నూజివీడుకో తంజావూరుకో తిరిగి రావలసి ఉంటుంది.